బరీ సెయింట్ ఎడ్మండ్స్, సాఫ్రన్ వాల్డెన్: శనివారం సంతకు ఏ ఊరు మేలు?

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు రెండు పాత సంత ఊళ్లు దగ్గర్లోనే ఉన్నాయి. శనివారం రెండు చోట్లా సంతే. అది కాక బరీలో బుధవారం, వాల్డెన్‌లో మంగళవారం కూడా జరుగుతుంది. ఒకే రోజు రెండూ చుట్టేద్దామనుకుంటే ఏదీ సరిగా దక్కదు. మధ్యాహ్నం దాటాక ఒక్కొక్కరే కొట్లు సర్దేస్తారు, మంచి సరుకు అంతకుముందే అయిపోతుంది.

సంచులు నింపుకురావడమే పనైతే బరీకే వెళ్లండి. కేంబ్రిడ్జ్ నుంచి నేరుగా రైలుంది, ముప్పావు గంట ప్రయాణం. కాకపోతే గంటకొకటే కాబట్టి తిరుగు బండి వేళ ముందే చూసుకోవాలి. స్టేషన్ నుంచి కార్న్‌హిల్, బటర్‌మార్కెట్ వీధుల్లోని సంతకు పదిహేను నిమిషాల నడక. పళ్లు చాలాచోట్ల గిన్నె లెక్కన అమ్ముతారు. పై వరుస చూసి మురిసిపోకుండా, సంచిలోకి వంచేటప్పుడు అడుగున ఏముందో చూడండి. బాగా పండినవి చవగ్గా ఇస్తారు, మర్నాటికల్లా తినేసేవాళ్లకే అది లాభం. శాకాహారులు చీజ్ కొనేముందు రెన్నెట్ దేనిదని అడగాలి. పాత పద్ధతి చీజ్‌లో పాలు విరవడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు.

బరీ చరిత్రంతా అక్కడి క్రైస్తవ మఠంతో (అబ్బే) ముడిపడింది. 869లో డేన్ల (డెన్మార్క్ వైకింగుల) చేతిలో చనిపోయిన ఎడ్మండ్ రాజు సమాధి కోసం 1020లో కనూట్ రాజు ఇక్కడ మఠాన్ని నిలబెట్టాడు. ఫ్రాన్స్ నుంచి నార్మన్లు దండెత్తి వచ్చాక మఠాధిపతి బాల్డ్విన్ తిన్నని అడ్డం నిలువు వీధులతో ఊరు వేయించాడు. సంత మీద పెత్తనమూ, దాని రాబడీ మఠానివే. ఆ కడుపుమంట 1327లో తిరుగుబాటై, జనం మఠం మీద పడ్డారు. తర్వాత మళ్లీ కట్టిన అబ్బే గేటు ముందు కాసేపు ఆగి చూడండి: విగ్రహాల కోసం చేసిన గూళ్ల వెనక బాణాలు వేసే సన్నని కంతలు దాగి ఉన్నాయి. ఊరివాళ్లంటే సన్యాసులకు ఎంత భయమో ఆ గోడే చెబుతుంది. 1539లో మఠం మూతపడ్డాక చెక్కుడు రాళ్లు ఊడదీసుకుపోయారు. మిగిలిన చెకుముకిరాళ్ల గోడల్లోనే తర్వాత ఇళ్లు కట్టుకున్నారు, పాత కమానుల్లో ఇప్పుడు కిటికీలు కనిపిస్తాయి. శిథిలాల చుట్టూ ఉన్న తోటకు టిక్కెట్టు లేదు, పులిహోర డబ్బా విప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. బటర్‌మార్కెట్ పక్కనే సుమారు 1180లో కట్టిన మోయ్‌జెస్ హాల్ మ్యూజియం ఉంది. 1828లో ఉరితీసిన హంతకుడి చర్మంతో అట్ట వేసిన పుస్తకం అందులో ఉంది కాబట్టి చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆలోచించుకోండి.

వాల్డెన్ సంత చిన్నది. పైగా ఆడ్లీ ఎండ్ స్టేషన్ ఊరికి రెండు మైళ్ల దూరం, బస్సు వేళలు చూసుకోకుండా దిగితే ముప్పావు గంట నడవాల్సిందే. అయినా సంతే ఊరుగా మారడం కళ్లారా చూడాలంటే ఇక్కడికే రావాలి. చౌక్ పక్కనున్న ఇరుకు సందులు ఒకప్పటి అంగళ్ల వరుసలు. బల్లలు వేసుకున్న చోటే వర్తకులు కొయ్య ఇళ్లు లేపేశారు, దారి మాత్రం ఇద్దరు పక్కపక్కన నడిచేంతే మిగిలింది. ఊరి పేరులోని కుంకుమపువ్వు 16, 17 శతాబ్దాల్లో ఇక్కడి పొలాల్లో పండింది. పువ్వుకు మూడే ఎర్ర పోగులు (కీలాగ్రాలు), గ్రాము కోసం సుమారు నూట యాభై పూలు చేత్తో తుంచాలి. ఆ సాగు 18వ శతాబ్దం చివరికల్లా ఆగిపోయింది కాబట్టి దానికోసం సంతలో వెతకొద్దు.

ఇక్కడ పాత సామాన్లు చూడండి. వెండి చెంచాలు కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడాలి: ముందుకాలు ఎత్తి నడిచే సింహం ముద్ర ఉంటే 92.5 శాతం వెండి. ఈపీఎన్ఎస్ అని ఉంటే నికెల్ కలిసిన లోహానికి వెండి పూత మాత్రమే, ఎక్కువగా తోమితే అంచుల్లో పసుపు రంగు తేలుతుంది. బేరమాడొచ్చు, రెండు మూడు కలిపి అడిగితే తగ్గిస్తారు.

పెద్దవాళ్లతో వెళ్తే బరీయే సుఖం. పిల్లలుంటే వాల్డెన్ మైదానంలో పచ్చికలో తవ్విన చుట్ల దారి ఉంది, దాదాపు మైలు పొడవు. వాళ్లు అందులో తిరిగేలోపు పెద్దలు వంతులవారీగా సంత చూసిరావచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లు శనివారం బరీ చూసి, వాల్డెన్‌ను ఏదో ఒక మంగళవారం సెలవుకు పెట్టుకోండి.