ఆరేళ్ళు తిరిగాక చెప్తున్నా: సైకిల్ పైకి మోసుకెళ్ళే బండి, కిందకి మామూలు కాలిబాట – బీర్, ముస్తాంగ్, చియాంగ్ మాయి

దసరా దగ్గర పడితే చాలు మా గుంటూరు ఆదివారం బ్యాచ్‌లో ఒకటే గోల, ఈ ఏడు సైకిళ్ళేసుకుని ఎక్కడికెళ్దాం అని. కొత్తగా మౌంటెన్ బైక్ కొన్న కుర్రాళ్ళు ఫోన్‌లో వీడియోలు చూసి పేర్లు చెప్తారు, నేను ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పి చెప్పి అలిసిపోయా, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా. 2018 నుంచి హిమాచల్‌లోని బీర్ నాలుగుసార్లు, నేపాల్లోని ముస్తాంగ్ రెండుసార్లు, థాయిలాండ్‌లోని చియాంగ్ మాయి ఒకసారి వెళ్ళొచ్చా. నేను తొక్కని చోటు గురించి ఇందులో ఒక్క ముక్క కూడా రాయను.

ముందు అసలు ఈ అప్‌లిఫ్ట్, అంటే సైకిల్‌ని బండిలో పైకి చేర్చే గొడవేంటో చెప్పాలి. మనం కృష్ణకి దగ్గర్లో సముద్రమట్టానికి పట్టుమని నలభై మీటర్లు కూడా ఎత్తు లేని ఊళ్ళలో ఉంటాం, ఎండాకాలం ఆరున్నర దాటితే తొక్కలేం, మనకి కొండ ఎక్కే కాళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? ఐదు రోజుల సెలవు పెట్టి వెళ్ళి, మూడు గంటలు తోసుకుంటూ పైకెక్కి, ఇరవై నిమిషాలు కిందకి దిగి, కాళ్ళు పట్టేసి మర్నాడు గదిలో పడుకుంటే ఆ సెలవు దేనికి? సైకిల్‌ని, మనిషిని బండిలో పైన దింపితే రోజుకి రెండు మూడుసార్లు దిగొచ్చు, అదే మలుపుని మూడోసారి తీసుకునేటప్పుడు చెయ్యి దానంతట అదే నేర్చుకుంటుంది. ఇది నాకు తెలిసింది హిమాలయాల్లో కాదు, కొండవీడులో. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లుంటుందేమో, రెడ్డిరాజుల కోట, వెయ్యి అడుగుల పైచిలుకు కొండ, ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డుంది. ఒకసారి మా బావ తన ట్రాలీ ఆటో తెచ్చాడు, నాలుగు సైకిళ్ళు అందులో పెట్టి పైకెళ్ళి, కోట గోడలు, మెట్ల జోలికి పోకుండా రోడ్డుకి పక్కనున్న మట్టిదారిలో దిగాం, తొమ్మిదింటికల్లా నాలుగు రౌండ్లు అయిపోయాయి. అప్పటిదాకా ఏడాదిలో నేర్చుకోలేనిది ఆ ఒక్క పొద్దున నేర్చుకున్నా.

బైక్ పార్కులంటే వేరే. మెషీన్‌తో మట్టి పోసి మలుపులకి గోడలు కట్టి, ఎగరడానికి దిబ్బలు కట్టి ఉంచుతారు, బావుంటాయి, వాటిని తప్పు పట్టట్లేదు. నాకు మాత్రం ఊరి మనుషులు, గొర్రెలు, గాడిదలు వందల ఏళ్ళు నడిచి నడిచి పడిన దారే కావాలి. వేరు ఎక్కడ అడ్డం వస్తుందో, రాయి ఎక్కడ కదులుతుందో ఎవరూ మనకోసం సర్ది పెట్టరు. కాబట్టి నేను ఊరు ఎంచుకునేటప్పుడు రెండే అడుగుతా: పైకి తీసుకెళ్ళే బండి ఎవరిది, ఎన్నిసార్లు తిరుగుతుంది? అది వదిలిన చోటు నుంచి పాత కాలిబాట తెగకుండా ఎంతదూరం దిగుతుంది? ఫోటోలు ఎంత బావున్నా ఈ రెండిటికి జవాబు లేకపోతే వద్దు.

ఈ లెక్కన నాకు మొదటిది బీర్. హిమాచల్‌లో కాంగ్రా జిల్లా, ఢిల్లీ నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దున్నే దిగుతాం. పైన బిల్లింగ్ సుమారు 2400 మీటర్లు, కింద బీర్ దానికంటే తొమ్మిదొందల మీటర్లు తక్కువ, మధ్యలో 14 కిలోమీటర్ల రోడ్డు. 2015లో పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ జరిగింది ఇక్కడే. మనకి కలిసొచ్చేది కూడా అదే, ఎగిరేవాళ్ళని పైకి చేర్చడానికి జీపులు పొద్దున్నించి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటాయి, సైకిళ్ళ వాళ్ళకోసం ప్రత్యేకంగా బండి మాట్లాడుకోనక్కర్లేదు, ఆరుగురు పోగవ్వాలి అనే నియమం లేదు, మీరొక్కరే వెళ్ళినా సీటు దొరుకుతుంది, సైకిల్‌కి కొంచెం ఎక్కువిస్తే క్యారియర్ మీద కట్టుకుంటారు. పైకి ముప్పావుగంట. నేను రోజుకి రెండు రౌండ్లు హాయిగా, ఓపికుంటే మూడు.

దిగే దారి సంగతి చెప్పాలంటే, మొదట ఓక్ చెట్లు, బురాంష్ చెట్లు, వసంతంలో ఆ ఎర్రపూలు రాలి దారంతా పరుచుకుని ఉంటాయి, తర్వాత ఇరుకైన మలుపులు ఒకదాని కింద ఒకటి, ఆ తర్వాత ఊరి పొలాల గట్లు. గద్దీ కాపర్లు గొర్రెల్ని కొండల మీదకి తోలుకెళ్ళే దారులివి. అందుకే బెల్లు తప్పనిసరి, నేను రెండు పెట్టుకుంటా. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు ఎదురొస్తారు, వాళ్ళు కనపడగానే సైకిల్ దిగి కొండవైపుకి జరిగి నిలబడాలి, వాళ్ళని పక్కకి తప్పుకోమనడం మహా తప్పు, అది వాళ్ళ దారి. మొదటిసారి నేను ఆగి నిలబడితే ఒక పెద్దావిడ నవ్వి ఏదో అంది, భాష తెలియలేదుగానీ ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

ఎప్పుడు వెళ్ళాలంటే మార్చి నుంచి జూన్ మొదటిదాకా, మళ్ళీ సెప్టెంబర్ ఆఖరు నుంచి నవంబర్ దాకా. జులై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అక్కడ పారాగ్లైడింగ్ ఆపేస్తారు, ఎగిరేవాళ్ళు లేకపోతే జీపులూ లేవు, ఆ వానల్లో దారంతా జారుడుబల్ల, అటు చూడనే వద్దు. ఇంట్లోవాళ్ళని కూడా తీసుకెళ్దామంటే ఇదే మంచిది, దగ్గర్లో 13వ శతాబ్దం నాటి బైజ్‌నాథ్ శివాలయం ఉంది, టిబెటన్ మఠాలున్నాయి, మా ఆవిడ రెండోసారి నాతోనే వచ్చింది, నేను పైనుంచి దిగొచ్చేసరికి ఆవిడ ఊరంతా తిరిగేసి నాకే దారులు చెప్పింది.

ఇక్కడ నాకు జరిగిన నష్టం కూడా చెప్పాలి. మొదటి ట్రిప్పులో ఒక జీపతను నా సైకిల్‌ని నైలాన్ తాడుతో బిగించి కట్టాడు, ఆ గతుకులకి తాడు రాసుకుని రాసుకుని వెనక బ్రేక్ గొట్టం తెగింది, పైన దిగి చూస్తే ఆయిల్ కారిపోతోంది. ఆ రోజంతా పోయింది, మర్నాడు కూడా సగం పోయింది, బాధేసింది. అప్పటినుంచి రెండు పాత నూలు దుప్పట్లు, నాలుగు సైకిల్ ట్యూబు ముక్కలు నా బ్యాగులో ఉండాల్సిందే. సైకిల్‌కి సైకిల్‌కి మధ్య దుప్పటి, తాడు తగిలేచోట ట్యూబు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ నున్నటి గొట్టాలకి ఏదీ ఆనకూడదు, పెడల్ ఒకటి దానికి గుచ్చుకుని గీత పడితే సీల్ పోతుంది, ఆ రిపేరు కొండమీద అయ్యేది కాదు. ఎవరో కడతారులే అని వదిలెయ్యకండి, మీ సైకిల్ మీరే కట్టుకోండి, డ్రైవర్లు ఏమీ అనుకోరు.

ఇంకొకటి బ్రేకులు. మన రోడ్ల మీద 160 ఎంఎం రోటర్లు (చక్రం మధ్యలో బ్రేకు పట్టే పళ్ళాలు) చక్కగా సరిపోతాయి, అదే ధైర్యంతో బిల్లింగ్ ఎక్కా. సగం దిగేసరికి కాలిన వాసన, లీవర్ ఎంత లాగినా బండి ఆగట్లా. ఏమవుతుందంటే నొక్కిపట్టి ఉంచితే ప్యాడ్, రోటర్ వేడెక్కిపోయి పట్టు పోతుంది, లోపల ఆయిల్ పాతదైతే అది మరిగి బుడగలొచ్చి లీవర్ హ్యాండిల్‌కి అంటుకుపోతుంది. ముందు 203, వెనక 180 వేయించా, రెసిన్ ప్యాడ్లు తీసేసి మెటల్ ప్యాడ్లు పెట్టించా, ట్రిప్పుకి ముందు ఆయిల్ మార్పిస్తా. అంతకంటే ముఖ్యం అలవాటు, మలుపుకి ముందు గట్టిగా ఒక్కసారి పట్టి వదిలెయ్యాలి, దారి పొడుగూతా కొంచెం కొంచెం పట్టుకుని ఉండకూడదు. ఈ అలవాటు కొండవీడులో చేసుకునే రావాలి, అక్కడికెళ్ళి నేర్చుకుంటానంటే కుదరదు.

రెండోది నేపాల్లో ముస్తాంగ్. అందంలో దీనికి సాటి నేను చూళ్ళేదు, కానీ మొదటి ట్రిప్పుకి దీన్ని ఎవరికీ చెప్పను. పోఖరా 820 మీటర్లు, జోమ్‌సోమ్ 2720, ముక్తినాథ్ 3700 పైనే. జీపు ఎక్కించుకుని ఒక్క రోజులో పైన పడేస్తుంది, అప్‌లిఫ్ట్‌లో ఉన్న ప్రమాదమే అది, కాళ్ళు అలిసిపోవు కాబట్టి బానే ఉన్నాం అనుకుంటాం, ఒంటికి మాత్రం ఆ గాలి చాలదు. మొదటిసారి నాకు రాత్రంతా తలనొప్పి, వాంతులు, పొద్దున్నే కిందకి దిగిపోయా. రెండోసారి మార్ఫాలో రెండు రాత్రులుండి, అక్కడి ఆపిల్ తోటల్లో నెమ్మదిగా తిరిగి అప్పుడు పైకెళ్ళా, ఏ ఇబ్బందీ లేదు. ఆ రెండు రోజులు వేస్ట్ అనుకుంటే ముస్తాంగ్ మానెయ్యడమే మంచిది.

ముక్తినాథ్ నుంచి లుబ్రా అనే ఊరిమీదుగా జోమ్‌సోమ్‌కి దిగే దారి ఉంది. కొంచెం ఎక్కాలి మొదట, ఆ గట్టు దాటాక కళ్ళముందు గోధుమరంగు లోయ, ఎక్కడా చెట్టు లేదు, ఎదురుగా ధవళగిరి, కింద నూలుపోగులా దారి. మొత్తం వెయ్యి మీటర్ల దిగుడు. ఆ గట్టు మీద కూర్చుని అరగంట కదల్లేదు నేను. ఒక్కటే షరతు, పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలి, కాళీగండకి లోయలో పదకొండు దాటితే దక్షిణం నుంచి గాలి మొదలవుతుంది, జోమ్‌సోమ్ వైపు ఆ గాలికి ఎదురు తొక్కాలి, చదునైన నదిగర్భంలో కూడా సైకిల్ ముందుకి కదలదు. ఇండియన్లకి వీసా అక్కర్లేదు, అన్నపూర్ణ ఏరియా పర్మిట్ మాత్రం తీసుకోవాలి, సార్క్ దేశాల వాళ్ళకి తక్కువ రేటే.

ముక్తినాథ్ మనవాళ్ళకి కొత్త కాదు, నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామాలు దొరికేది కిందనున్న ఆ గండకిలోనే. గుడి దగ్గర సైకిల్ ఆనించి 108 ధారల కింద తల పెట్టొస్తుంటే తెనాలి నుంచి వచ్చిన యాత్రికుల బ్యాచ్ కనపడింది. అందులో ఒక పెద్దావిడ నా సైకిల్ మీద తెలుగు స్టిక్కర్ చూసి "ఏ ఊరు నాయనా? ఈ సైకిలేసుకుని ఇంతదూరం వచ్చావా, ఇంట్లో చెప్పే వచ్చావా?" అంది. "చెప్పే వచ్చానమ్మా, గుంటూరు" అన్నా. చీరకొంగు ముడి విప్పి రెండు సున్నుండలు చేతిలో పెట్టింది. లుబ్రా గట్టు మీద తిన్నా అవి.

చియాంగ్ మాయి గురించి తక్కువే రాస్తా, ఒక్కసారే వెళ్ళా కాబట్టి. దోయ్ సుతేప్ కొండ 1676 మీటర్లు, ఊరు మూడొందల పైన, పికప్ ట్రక్కుల్లో సైకిళ్ళు వరసగా కట్టుకుని పైకి తీసుకెళ్తారు, అప్‌లిఫ్ట్ పద్ధతి మూడింట్లో ఇక్కడే బాగా నచ్చింది, టైముకొస్తారు, సైకిళ్ళకి ప్యాడ్లు కట్టి ఎక్కిస్తారు, మంచి ఫుల్ సస్పెన్షన్ బైకులు అద్దెకిస్తారు కాబట్టి మన సైకిల్ మోసుకెళ్ళక్కర్లేదు. అడవి దారి, ఎండుటాకులు మందంగా పరుచుకుని ఉంటాయి, కింద రాయి కనపడదు, జాగ్రత్త. నవంబర్ నుంచి జనవరి దాకా వెళ్ళండి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టే పొగతో ఊరు నిండిపోతుంది. ఖర్చు బీర్‌కి రెండింతలపైనే అయింది నాకు. రైడింగ్ ఒక్కటే ముఖ్యం, నాలుగు రోజుల్లో ఎక్కువ రౌండ్లు కావాలి అంటే ఇది.

సైకిల్ తీసుకెళ్ళడం గురించి అందరూ అడుగుతారు. గన్నవరం నుంచి ఫ్లైట్ అయితే మామూలు టికెట్‌కి 15 కిలోలే, సైకిల్, బ్యాగు కలిపి ఇరవై దాటుతుంది, ఎక్స్‌ట్రా ముందే ఆన్‌లైన్‌లో కట్టేస్తే కౌంటర్ దగ్గర కంటే తక్కువ పడింది నాకు. రోటర్లు విప్పి రెండు అట్టముక్కల మధ్య పెట్టండి, లేకపోతే వంగుతాయి. చక్రాలు తీసినప్పుడు బ్రేక్ ప్యాడ్ల మధ్య అట్టముక్క దూర్చండి, ఎవరైనా లీవర్ నొక్కితే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. ట్యూబ్‌లెస్ వాళ్ళు బయల్దేరే ముందు టైర్లో చిల్లులు మూసే సీలెంట్ తప్పకుండా చూసుకోండి, మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఎండిపోయి లోపల రబ్బరు పొరలా మిగులుతుంది. ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఇలాంటి రైడింగ్ వర్తించదు.

బీర్‌కి నా మార్కులు పదికి తొమ్మిది, ముస్తాంగ్‌కి కూడా తొమ్మిదే, కానీ రెండేళ్ళు కొండలు తొక్కినవాళ్ళకి మాత్రమే, చియాంగ్ మాయికి ఏడున్నర. ఈసారి నవంబర్ మొదటి వారంలో మళ్ళీ బీర్ వెళ్తున్నా, మా బ్యాచ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు మొదటిసారి వస్తున్నారు. కొత్త ప్యాడ్లు నిన్నే వచ్చాయి, ఎక్కించగానే అవి పట్టవు, పాతికసార్లు గట్టిగా బ్రేకేసి రుద్దాలి. ఈ ఆదివారం కొండవీడు మీద ఆ పని, మా బావ ట్రాలీ ఆటో తెల్లవారుజామున నాలుగున్నరకి లాడ్జి సెంటర్ దగ్గర ఉంటుంది, ఇంకా రెండు సైకిళ్ళకి చోటుంది.