చికెన్ పఫ్‌కి రెడీమేడ్ షీటా, ఇంట్లో చేసిన పిండా: ఏది మేలు?

ఇంట్లో చికెన్ పఫ్ చేసేవాళ్ళు తరచుగా అడిగేది ఒకటే. ఫ్రీజర్‌లో దొరికే రెడీమేడ్ పఫ్ పేస్ట్రీ షీట్ తెచ్చుకుంటే సరిపోతుందా, లేక పిండి మనమే కలిపి పొరలు వేసుకోవాలా? ఇంట్లోనే చేస్తే, బటర్ దిమ్మని పిండిలో చుట్టి ఆరుసార్లు మడతపెట్టే పూర్తి పద్ధతి మంచిదా, బటర్ ముక్కలుగా వేసి కలిపే రఫ్ పఫ్ మంచిదా? అడిగినవాళ్ళకల్లా విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయం అనిపించింది. మడతలు ఎలా వేయాలో, ఓవెన్ ముందే ఎందుకు వేడిచేయాలో మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

నా ఓటు రఫ్ పఫ్‌కి. టైమ్ లేకపోతే అచ్చంగా బటర్‌తో చేసిన రెడీమేడ్ షీట్. ఆరు మడతల పూర్తి పఫ్ పేస్ట్రీ అంటే నాకు చాలా ఇష్టం, కానీ చికెన్ పఫ్ కోసం మాత్రం దాన్ని చేయను.

కారణం అడుగు భాగం. పఫ్ ఓవెన్‌లోంచి బయటికి రాగానే అందరూ పైకే చూస్తారు, ఎంత పొంగింది, ఎన్ని పొరలు విడింది అని. నేను మాత్రం తిప్పి అడుగు చూస్తాను. పైన బంగారు రంగులో మెరిసిపోతూ, కింద మాత్రం మెత్తగా, పచ్చిపిండి వాసనతో ఉంటే ఆ పఫ్ తినబుద్ధి కాదు. చేత్తో పట్టుకుని తినే వస్తువు కదా, కొరకగానే అడుగు జారి స్టఫింగ్ ఒళ్ళో పడితే పైన ఎన్ని పొరలుండి ఏం లాభం?

పొరలు ఎలా లేస్తాయో ఒక్కసారి గుర్తుచేసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. బటర్‌లో 80 శాతం పైగా కొవ్వు, 16 శాతం దాకా నీరు ఉంటాయి. ఓవెన్ వేడికి ఆ నీరు ఆవిరై పిండి పొరల్ని ఎత్తుతుంది, కొవ్వేమో అవి మళ్ళీ ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. మూడు మడతల చొప్పున ఆరుసార్లు మడిస్తే లెక్క ప్రకారం 729 బటర్ పొరలు. మధ్యలో బరువేమీ లేకుండా గిన్నెలా పైకి లేవాల్సిన వొలొవాన్‌లాంటి వాటికి ఇది కావాలి, అక్కడ దీనికి సాటి లేదు. చికెన్ పఫ్‌లో మాత్రం కింది పొర మీద రెండు టేబుల్‌స్పూన్ల తడి స్టఫింగ్ కూర్చుంటుంది. ఆ బరువు కింద పిండి ఎలాగూ పెద్దగా లేవదు. పైగా స్టఫింగ్ నుంచి వచ్చే తేమ అంతా ఆ పల్చటి పొరల్లోకి దిగుతుంది. అంటే సగం రోజు కష్టపడి చేసిన 729 పొరల ఫలితం పైభాగంలోనూ అంచుల్లోనూ మాత్రమే కనిపిస్తుంది.

రఫ్ పఫ్‌లో బటర్ ముక్కలు పిండిలో అక్కడక్కడా చెదిరి ఉంటాయి. పొరలు ఎగుడుదిగుడుగా వస్తాయి, ఎత్తు కూడా కాస్త తక్కువే. కానీ ముక్కకీ ముక్కకీ మధ్య బటర్ లేని పిండి ఉంటుంది కదా, అదే కింద గట్టిగా, కరకరలాడేలా కాలి స్టఫింగ్ బరువు మోస్తుంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే. 250 గ్రాముల మైదాకి 180 నుంచి 200 గ్రాముల ఉప్పులేని బటర్, అర టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ నిమ్మరసం, 110 మిల్లీలీటర్ల దాకా ఐస్ నీళ్ళు. బటర్‌ని సెంటీమీటరు ముక్కలుగా కోసి, పావుగంట ఫ్రీజర్‌లో ఉంచి, మైదాలో వేసి వేళ్ళతో కాస్త అణచాలి, నలపకూడదు. ముద్దలో ముక్కలు కళ్ళకి కనిపిస్తూనే ఉండాలి. రెండు మడతలు, అరగంట ఫ్రిజ్‌లో, మళ్ళీ రెండు మడతలు, ఇంకో అరగంట. చేతికి పని ఇరవై నిమిషాలే, మిగతాదంతా ఫ్రిజ్ చూసుకుంటుంది. ఆ విరామాలు మాత్రం తగ్గించకండి. బటర్ గట్టిపడడానికే కాదు, ఒత్తినప్పుడు బిగుసుకున్న గ్లూటెన్ (మైదాకి సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్) సడలడానికి కూడా ఆ టైమ్ కావాలి. లేకపోతే చక్కగా చతురస్రాలుగా కోసినవి ఓవెన్‌లో ముడుచుకుని వంకరపోతాయి.

ఇక రెడీమేడ్ షీట్. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు, కొనేముందు ప్యాకెట్ వెనక చదవడం ఒక్కటే పని. పదార్థాల్లో కొవ్వు అంటే బటర్ అని మాత్రమే ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండి. మార్జరిన్ (బటర్‌కి బదులుగా నూనెలతో తయారుచేసే కొవ్వు) అనో, వెజిటబుల్ ఫ్యాట్ అనో ఉంటే సంగతి వేరు. బటర్ 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి 37, కాబట్టి నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది. పేస్ట్రీల కోసం తయారుచేసే మార్జరిన్ అంతకంటే ఎక్కువ వేడికి గానీ కరగదు, అందుకే తిన్నాక అంగిలికి పూత పూసినట్టు ఉండిపోతుంది. వేడివేడిగా తింటే అంతగా తెలియదు, చల్లారాక మాత్రం బాగా తెలుస్తుంది. అయితే అదే గుణం వంటగదిలో మనకి మేలు చేస్తుందని కూడా ఒప్పుకోవాలి. మీ వంటగది బాగా వేడిగా ఉండి, బటర్ పిండి బయట పెట్టిన ఐదు నిమిషాలకే చేతికి అంటుకుంటుంటే, మార్జరిన్ షీట్ టెన్షన్ లేకుండా పని కానిస్తుంది. కొత్తగా చేస్తున్నవాళ్ళు మొదట దానితో మొదలుపెట్టినా నేను వద్దనను.

షీట్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కరగనివ్వడమే మంచి పద్ధతి. బయటపెట్టి తొందరపడితే అంచులు మెత్తబడి, మధ్యలో ఇంకా గడ్డకట్టే ఉంటుంది, మడవబోతే విరుగుతుంది. ఒకసారి పూర్తిగా కరిగినదాన్ని అలాగే మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకండి. మిగిలితే దానితో కూడా పఫ్‌లు చుట్టేసి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు కాల్చుకోవచ్చు.

పిండి ఏదైనా సరే, అడుగు కాలాలంటే సగం పని స్టఫింగ్‌దే. షీట్ గురించి గంటలు చర్చించేవాళ్ళు కూడా స్టఫింగ్ దగ్గరికొచ్చేసరికి మిగిలిన గ్రేవీ వేసి చుట్టేస్తారు, నాకు బాధ కలిగించే విషయం అదే. పల్చటి గ్రేవీతో అడుగు కాలదు. అలాగని పూర్తిగా పొడిగా వేయించిన చికెన్ పెడితే అడుగు బ్రహ్మాండంగా వస్తుంది కానీ, తింటుంటే గొంతులో అడ్డుపడుతుంది. ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే పొడిదే ఎంచుకుంటాను. కానీ ఎంచుకోవాల్సిన అవసరమే లేదు, మధ్యలో ఇంకో దారి ఉంది.

అది చిక్కటి వైట్ సాస్. అరకిలో బోన్‌లెస్ చికెన్‌కి రెండు టేబుల్‌స్పూన్ల బటర్, రెండు టేబుల్‌స్పూన్ల మైదా, 150 మిల్లీలీటర్ల పాలు గానీ చికెన్ ఉడికించిన నీళ్ళు గానీ. ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాలు, మీకు నచ్చిన ఇంకేదైనా మీ ఇష్టం. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఆ గీత రెండు క్షణాలు పూడకుండా ఉండాలి, అదే గుర్తు. వేడిగా ఉన్నప్పుడు మరీ చిక్కగా అనిపిస్తుంది, ఫర్వాలేదు. చల్లారాక ముద్దలా గట్టిపడి, చెంచాతో తీసి పెట్టడానికి వీలుగా ఉంటుంది. పిండిలోని స్టార్చ్ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఓవెన్‌లో మళ్ళీ వేడెక్కినా కిందికి కారదు. పుట్టగొడుగులు వేస్తే నీళ్ళన్నీ ఇగిరేదాకా విడిగా వేయించి కలపండి, ఫ్రీజర్ బఠాణీలైతే గుడ్డ మీద ఆరబెట్టండి.

చికెన్‌లో బ్రెస్ట్ కంటే తొడ మాంసం మేలు. ఇది రెండుసార్లు వేడి చూస్తుంది, ఒకసారి గిన్నెలో, ఒకసారి ఓవెన్‌లో. బ్రెస్ట్ రెండోసారికి పీచుపీచుగా ఎండిపోతుంది. తొడలో కొవ్వూ, ఉడికితే మెత్తటి జిగురుగా మారే కొల్లాజెన్ అనే ప్రోటీనూ ఎక్కువ కాబట్టి తట్టుకుంటుంది. మీ ఇంట్లో బ్రెస్టే తింటారంటే చిన్న ముక్కలు కోసి, సాస్‌లో చివర్లో వేసి ఉడికీ ఉడకగానే దించేయండి.

స్టఫింగ్ ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాకే పిండిలో పెట్టాలి. గోరువెచ్చగా ఉన్నా చాలు, ఓవెన్ దాకా వెళ్ళకముందే కింద బటర్ కరిగిపోతుంది, ఇక ఎన్ని మడతలు వేసినా ఉపయోగం లేదు. వెడల్పాటి పళ్ళెంలో పరిస్తే త్వరగా చల్లారుతుంది. వండిన చికెన్‌ని రెండు గంటలకి మించి బయట ఉంచకూడదు కూడా.

కాల్చడంలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. మందపాటి ట్రేని ఖాళీగా ఓవెన్‌లోనే వేడెక్కనిచ్చి, పఫ్‌లని బేకింగ్ పేపర్‌తో సహా దాని మీదికి జరపండి. అడుగుకి మొదటి నిమిషం నుంచే వేడి తగులుతుంది. 220 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు, తర్వాత 190కి తగ్గించి ఇంకో పన్నెండు నుంచి పదిహేను, ఓవెన్ కింది అరలో. తీయగానే జాలీ స్టాండ్ మీదికి మార్చండి. ట్రేలోనే వదిలేస్తే కింద చేరిన ఆవిరి, కరకరలాడే అడుగుని మళ్ళీ మెత్తబరుస్తుంది. పైన ఆవిరి పోవడానికి రెండు గాట్లు పెట్టాలి. గుడ్డు సొన పైన మాత్రమే రాయాలి, కోసిన అంచుల మీదికి కారితే పొరలు అతుక్కుపోయి లేవవు. గుడ్డు వద్దనుకుంటే పాలు రాయండి, రంగు కాస్త తక్కువ వస్తుంది.

ఎయిర్ ఫ్రయర్ గురించి కూడా అడుగుతున్నారు. రెండు మూడు పఫ్‌లకైతే 180 డిగ్రీల దగ్గర బాగానే వస్తాయి, ఫ్యాన్ గాలికి పై పొర లేచిపోకుండా చూసుకోవాలి. కాగితంలా పల్చగా ఉండే ఫైలో షీట్లతో కూడా చుట్టుకోవచ్చు గానీ అది వేరే వంటకం. పఫ్ పేస్ట్రీని నూనెలో వేయించడం మాత్రం వద్దు, పొరల మధ్యకి నూనె చేరి బరువుగా తయారవుతుంది.

ఎక్కువ చేసి దాచుకోవాలంటే కాల్చి దాచాలా, పచ్చివి దాచాలా? అనుమానం లేకుండా పచ్చివే. ఇంట్లో చేసిన పిండితో చుట్టినవాటిని ట్రే మీద విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత డబ్బాలోకి మార్చుకుంటే నెల రోజులు బాగుంటాయి. కరగనివ్వకుండా నేరుగా వేడి ట్రే మీద పెట్టి, మామూలు కంటే ఏడెనిమిది నిమిషాలు ఎక్కువ కాల్చండి, థర్మామీటర్ ఉంటే మధ్యలో 74 డిగ్రీలు చేరిందో లేదో చూడండి. బటర్ రాయిలా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఇవి ఒక్కోసారి అప్పటికప్పుడు చేసినవాటికంటే బాగా పొంగుతాయి. కాల్చినవి మిగిలిపోతే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు 180 డిగ్రీల ఓవెన్‌లో పదినిమిషాలు వేడిచేయండి, మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు.