అటారీ సీఎక్స్40, కాంపిటీషన్ ప్రో: ఏళ్ల వాడకం తరువాత

కామడోర్ 64 కంప్యూటర్‌తో నేను ఏళ్ల తరబడి వాడుతున్న జాయ్‌స్టిక్‌లు రెండు: అటారీ సీఎక్స్40, కాంపిటీషన్ ప్రో. ఆడటానికి రెండవదే మేలు. అయినా నాకు ఎక్కువ గౌరవం మొదటిదానిపైనే.

1978లో అటారీ వీసీఎస్ అనే వీడియో గేమ్ యంత్రం కోసం వచ్చిన సీఎక్స్40లో ఉన్నవి ఐదే స్విచ్‌లు: నాలుగు దిక్కులకు నాలుగు, ఫైర్ బటన్‌కు ఒకటి. మూలకు తోస్తే పక్కపక్క దిక్కుల స్విచ్‌లు రెండూ ఒకేసారి పడతాయి కనుక మొత్తం ఎనిమిది దిశలు వస్తాయి. విప్పి చూస్తే చిన్న సర్క్యూట్ బోర్డు, దానిపై గుండ్రని లోహపు రేకులు తప్ప ఒక్క చిప్పు కూడా కనిపించదు. స్టిక్‌ను వంచగానే ఆ వైపు రేకు అణిగి తీగను గ్రౌండ్‌కు, అంటే సర్క్యూట్‌లోని సున్నా వోల్టేజీ తీగకు, కలుపుతుంది. కంప్యూటర్ గమనించేది అంతమాత్రమే. పని ఇంత సులువు కావడం వల్లనే ఆ తొమ్మిది పిన్నుల ప్లగ్‌ను అటారీ తన 400, 800 కంప్యూటర్లలో కొనసాగించగా, పోటీదారైన కామడోర్ కూడా విక్-20లోనూ, 1982 నాటి కామడోర్ 64లోనూ, ఆ తరువాత అమిగాలోనూ స్వీకరించింది. యాపిల్ 2 కంప్యూటర్‌తో వాడే ప్యాడిల్ అనే ఆట పరికరం దారి వేరు. దాని గుండ్రని నాబ్‌ను తిప్పేకొద్దీ రెసిస్టెన్స్ మారుతుంది, కెపాసిటర్ నిండే సమయాన్ని కొలిచి కంప్యూటర్ దానిని 0 నుంచి 255 లోపు అంకెగా మార్చుకుంటుంది. బంతిని ఆపే ఆటలకు అది శ్రేష్ఠం. చిక్కుదారుల్లో చటుక్కున మలుపు తిరగడానికి మాత్రం స్విచ్‌లే నయం.

సీఎక్స్40 బిగువైన స్టిక్. స్విచ్ పడిన సంగతి చేతికి అంతగా తెలియదు, తెర చూసి తెలుసుకోవాలి. ఫైర్ బటన్ ఎడమ మూలన ఒక్కటే ఉండటం ఎడమచేతివాటం వారికి అనుకూలం కాదు. కాంపిటీషన్ ప్రోలో ఎర్రని పెద్ద బటన్లు రెండు వైపులా ఉన్నాయి. నా దగ్గరున్న మైక్రోస్విచ్‌ల రకంలో ప్రతి కదలికకూ టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది కాబట్టి, ఎంతసేపు ఆడినా అవసరానికి మించి బలంగా తోయవలసిన పని లేదు, మణికట్టు అలసిపోదు.

కామడోర్ 64లో ఏ స్టిక్‌నైనా రెండవ పోర్టులోనే పెట్టడం మంచిది. మొదటి పోర్టు తీగలు కీబోర్డువే కావడంతో, బేసిక్ తెరపై (ప్రోగ్రాములు, ఆదేశాలు టైప్ చేసే తెరపై) ఫైర్ నొక్కితే స్పేస్ బార్ నొక్కినట్టు కర్సర్ జరుగుతుంది, పైకి తోస్తే 1 అంకె పడుతుంది. చాలా ఆటలు రెండవ పోర్టునే అడగడానికి కారణం ఇదే.

జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే మరో ఇంటి కంప్యూటర్‌కు మొదట అసలు జాయ్‌స్టిక్ పోర్టే లేదు. జాయ్‌స్టిక్‌ను కలిపే కెంప్‌స్టన్ ఇంటర్‌ఫేస్ వంటి విడి పరికరాన్ని వెనుక తగిలించుకోవాలి. 1986లో ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ తెచ్చిన స్పెక్ట్రమ్ ప్లస్2 మోడల్‌లో పోర్టులు వచ్చాయి గానీ, ప్లగ్ ఆకారం అలాగే ఉంచి పిన్నుల అమరికను మార్చేశారు. అందువల్ల పాత జాయ్‌స్టిక్ కొనదలచినవారు ప్లగ్ అమిరితే చాలనుకోకుండా, అది ఏ కంప్యూటర్ కోసం తయారైందో ముందుగా అడిగి తీసుకోవాలి.