సంచి బియ్యమా, అన్నం పొట్లమా?

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో చిక్కుకుపోయిన వలస కూలీలకు సాయం రెండు దారుల్లో వచ్చింది. సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. బస్తీ కుర్రాళ్లు, గుడి, మసీదు కమిటీల వాళ్లు వండిన అన్నం పంచారు.

బియ్యం ఉంటే కొన్నాళ్లు నిశ్చింత. కానీ గ్యాస్ అయిపోయిన రేకుల షెడ్డులో ఆ సంచితో ఏం చేసుకోవాలి? పైగా జాబితాలో పేరుండాలి. మేస్త్రీ ఫోన్ ఎత్తకపోతే పేరు ఎక్కించేదెవరు? పొట్లానికి ఆ బాధ లేదు. మేడ్చల్ హైవే మీద పిల్లను భుజాన వేసుకుని నడిచేవాళ్లకు పులిహోర పొట్లం, నీళ్ల సీసా, వీలైతే ఓ జత చెప్పులు, అప్పటికి కావాల్సింది అవే. కాకపోతే చందాలు తగ్గితే పొయ్యి వెలగదు. ఏప్రిల్ ఎండకు అన్నం సాయంత్రానికే పాచిపోతుంది కూడా.

ఊరు చేర్చడం మాత్రం సర్కారు వల్లే అయ్యే పని. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో తొలి శ్రామిక్ రైలు వెళ్లింది.

నన్నడిగితే మొదటి వారం పొట్లం, తర్వాత బియ్యం. జాబితా రాసే పని మాత్రం బస్తీ వాళ్లకే అప్పగించాలి. ఏ షెడ్డులో ఎందరున్నారో, ఎవరికి ఒడియా తప్ప మరో భాష రాదో వాళ్లకే తెలుసు.