త్రీడీ సరౌండ్ సౌండ్‌బార్ కొనబోతున్నారా? ముందు ఆఫ్ బటన్ ఉందో లేదో చూడండి

పోయిన నెల హాల్లోకి ఒక సౌండ్‌బార్ (టీవీ దగ్గర పెట్టే పొడవాటి స్పీకర్ డబ్బా) తెచ్చాను. ఉన్నవి రెండే స్పీకర్లు, డబ్బా మీద మాత్రం ‘త్రీడీ సరౌండ్’ అని పెద్దక్షరాలు. షాపులో సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చోబెట్టి వాన చప్పుడు, హెలికాప్టర్ వినిపించారు. నిజంగానే చెవి పక్క నుంచి వెళ్లినట్టుంది. పదకొండు వేలు అక్కడే కట్టేశాను.

ఇంటికొచ్చి నాన్న కోసం ఘంటసాల పాట పెట్టాను. గొంతు రేకు డ్రమ్ములోంచి వస్తున్నట్టు వినబడింది. “ఇది ఆయన గొంతు కాదురా, ఆపెయ్” అన్నారు నాన్న. ఆపుదామంటే రిమోట్‌లో ఆ బటనే లేదు! మ్యూజిక్, మూవీ, న్యూస్ అని మూడు మోడ్‌లు. మూడింట్లోనూ సరౌండ్ నడుస్తూనే ఉంటుంది. షాపుకు తీసుకెళ్తే “డిఫెక్ట్ కాదు సార్, ఫీచరే అది” అని వెనక్కి తీసుకోలేదు.

ఎందుకిలా అని కూర్చుని చదివాను. ఇలాంటివి ఎడమ, కుడి చానళ్ల మధ్య తేడాను పెంచి శబ్దాన్ని వెడల్పు చేస్తాయి. గాయకుడి గొంతు సాధారణంగా రెండిట్లోనూ సమానంగా ఉంటుంది, కాబట్టి తేడా పెంచేకొద్దీ అది వెనక్కి పోతుంది. పాత పాటలు మోనో, అంటే రెండు చానళ్లలోనూ ఒకే శబ్దం, కాబట్టి వాటిలో తేడా సున్నా. లేని వెడల్పు పుట్టించాలంటే శబ్దాన్ని కొంచెం ఆలస్యం చేసి, అటూ ఇటూ చీల్చి కలపాలి. ఆ డ్రమ్ము మోత అందుకే.

శబ్దం పక్కనుంచి వచ్చినట్టు అనిపించాలని, ఎడమ స్పీకర్ శబ్దం కుడి చెవికి చేరకుండా ఎదురు తరంగంతో కొట్టేసే పద్ధతి ఇంకొకటి ఉంది. మన కాన్పూర్‌లో పుట్టిన బిష్ణు అటల్, మన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1960ల్లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో దీన్ని చేసి చూపించారు. గొప్ప పని, అందులో మోసమేమీ లేదు. కానీ పక్కనుంచి వచ్చే శబ్దానికి కూడా రెండు చెవుల మధ్య ఆలస్యం మిల్లీసెకను (సెకనులో వెయ్యో వంతు) కూడా ఉండదు. అంత సూక్ష్మమైన లెక్క కాబట్టి తల జానెడు జరిగినా తప్పుతుంది. మా సోఫాలో నలుగురం కూర్చుంటాం!

దయచేసి డెమో క్లిప్ చూసి డబ్బు కట్టకండి. మీ ఫోన్‌లో ఒక పాత మోనో పాట, కాసేపు వార్తలు పెట్టించుకుని వినండి. మోడ్ వేయగానే శబ్దం పెరిగితే, ఆ పెరిగినదే బాగున్నట్టు అనిపిస్తుంది. వాల్యూమ్ తగ్గించి సమానం చేశాకే పోల్చండి. కుర్చీలోంచి లేచి రెండడుగులు పక్కకు జరిగి వినండి. సరౌండ్ పూర్తిగా ఆపి చూపించమనండి, చూపించేదాకా బిల్లు వేయించుకోకండి.