రాణిగంజ్‌లో టార్క్ రెంచ్ కొంటున్నారా? పెట్టెలో కాగితాన్ని నమ్మకండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చవగ్గా టార్క్ రెంచ్, అంటే బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, కొందామనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. షాపు పేరు రాయను. టూల్స్ కోసం అటు తిరిగేవాళ్లకు రాయకపోయినా తెలిసిపోతుంది.

పోయిన శనివారం కొన్నాను. 1,850 రూపాయలు, 20 నుంచి 110 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలత), పెట్టిన అంకె రాగానే టక్కుమనే రకం. "టెస్ట్ సర్టిఫికెట్ లోపల్నే ఉంది తమ్మీ, 4 శాతం గూడ తేడా రాదు" అని ఓనరు కాగితం తీసి చూపించాడు. దాని మీద ముద్ర, సంతకం, నంబరు అన్నీ ఉన్నాయి. అంతే, ఇక రెంచ్ వైపు సరిగ్గా చూడనైనా లేదు నేను.

మర్నాడు బండికి ఆయిల్ మార్చాను. పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు మాన్యువల్లో 24 అని ఉంది. 24కి పెట్టి మెల్లగా లాగుతున్నాను, టక్కుమనదే! ఇంకొంచెం లాగాను. బోల్టు ఒక్కసారిగా మెత్తబడింది. ఆ మెత్తదనం ఏమిటో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది, గుండె జారిపోతుంది. విప్పితే బోల్టు మరలకు చుట్టుకుని ఇంజిన్ వైపు మరల అల్యూమినియం తీగలా బయటికొచ్చింది. పదేళ్లుగా మామూలు పానాతో, చేతి అంచనాతో బిగించాను, ఒక్క మర పోలేదు. పద్ధతిగా చేద్దామని బుద్ధి పుట్టిన రోజే పోయింది.

తప్పు నాదేమో అని అనుమానం. రెంచ్ తలను వైస్‌లో బిగించి, పిడి అడ్డంగా ఉండేలా పెట్టి, పిడి మధ్యలో, అంటే తల నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర, బకెట్ వేలాడదీసి నీళ్లు పోశాను. అంత దూరంలో 8 కిలోలు వేలాడితే దాదాపు 24 న్యూటన్ మీటర్లు, కాబట్టి 24కి పెట్టిన రెంచ్ బకెట్‌తో కలిపి 8 కిలోలకు టక్కుమనాలి. 10 అయ్యాయి, 12 అయ్యాయి. 13 కిలోలకు టక్కుమంది. అంటే దాదాపు 38! సర్టిఫికెట్‌లో ఉన్న 4 శాతం ఎక్కడ, ఇదెక్కడ. అప్పుడు చూశాను కాగితం మీది నంబరు కోసం రెంచ్ మీద. అసలు రెంచ్ మీద నంబరే లేదు.

సోమవారం పట్టుకెళ్లాను. ఓనరు దాన్ని వైస్‌లో పెట్టి ఒక్క గుంజు గుంజాడు. "టక్కుమన్నది గదా, ఇంకేం గావాలె? చేతిల బలం ఎక్కువైతే పానా ఏం జేస్తది?" కౌంటర్ దగ్గర ఇద్దరు నవ్వారు. సరే, నవ్వనీ. సర్టిఫికెట్ సంగతేంటి అని అడిగాను. అతను నోరు తెరిచేలోపే పనిచేసే కుర్రాడు, పాపం సాయం చేద్దామని, "కాగితం పోయిందా అన్నా? ఇంకోటిస్తా" అంటూ డ్రాయర్ లాగాడు. లోపల రబ్బరు బ్యాండు వేసిన కట్ట. అన్నీ జిరాక్సులే. అన్నింటి మీదా అదే నంబరు, అదే సంతకం, ముద్ర కూడా అదే వంకరలో. ఓనరు కుర్రాడి వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. తర్వాత నాతో అన్నదల్లా ఒక్కటే: "సామాన్ వాపస్ లేదు, బిల్లు మీద రాసుంది సూస్కో." రాసే ఉంది. చదవని మహానుభావుణ్ణి నేనే.

లేత్ షాపులో హెలికాయిల్, అంటే పోయిన మరల చోట కొత్త మరలుగా పనిచేసే తీగచుట్ట, వేయించడానికి 900 అయింది. పారబోసిన కొత్త ఆయిల్ వేరే.

ఇంకో వెధవ పని కూడా చేశాను. 24 కోసం 110 దాకా వెళ్లే రెంచ్ కొనకూడదు. ఏ రెంచ్ అయినా స్కేలు అడుగున అంత నమ్మకంగా ఉండదు. మీరు రోజూ వాడే అంకె మధ్యలో పడేలా చూసుకోండి. బైక్ చిన్న బోల్టులకు 5 నుంచి 25 రకం, కారు చక్రాల నట్లకు పెద్దది. రెంచ్ మీద నంబరు చెక్కి ఉండాలి, అది కాగితంతో కలవాలి. దాంతో బోల్టులు విప్పకండి. పనయ్యాక స్కేలు అడుగు గీత దాకా తిప్పి పెట్టండి, దానికంటే కిందికి వద్దు.

కుర్రాడిచ్చిన రెండో కాగితం కూడా నా దగ్గరే ఉంది. నంబరు చివర 417. మీ పెట్టెలోనూ అదే ఉంటే నాకు చెప్పండి.