తొమ్మిది సీజన్ల కార్ల్‌టన్ మెంబర్‌షిప్: ఆ మూలుగు గురించి

2017 నుంచి నేను మెల్‌బోర్న్‌లోని కార్ల్‌టన్ క్లబ్ మెంబర్‌ని. చేత్తోనూ కాలితోనూ ఆడే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఇక్కడివాళ్ళు ఫుటీ అంటారు) క్లబ్ అది. సీటు ఎక్కడ, టికెట్ ఎంత, స్కార్ఫ్ నాణ్యత ఎలా ఉంది, ఇవన్నీ మెల్‌బోర్న్‌లో ఫుటీ చూసే అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది స్టాండ్‌లో వినపడే ఒక శబ్దం గురించి.

పంతొమ్మిదేళ్ళ కుర్రాడు చేతిలోకొచ్చిన బంతిని జారవిడుస్తాడు. వేల మంది ఒక్కసారిగా మూలుగుతారు. అది అరుపు కాదు, తిట్టు కాదు. తిట్టైతే ఎవడో తాగి అన్నాడులే అని వదిలేయొచ్చు. మూలుగు అలా కాదు, అది అందరిదీ. ఆ కుర్రాడికి కచ్చితంగా వినపడుతుంది. ఈ మెంబర్‌షిప్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. ఆ మూలుగులో చాలాసార్లు నా గొంతు కూడా ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

నేను చేరినప్పుడు జట్టు పట్టికలో కింది స్థానాల్లో ఉంది. 16 సార్లు ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచిన క్లబ్బే, కానీ చివరిది 1995లో. 2018లో 22 మ్యాచ్‌లు ఆడితే 2 గెలిచాం. మేముండే టార్నీట్ శివారు నుంచి ట్రైన్‌లో సిటీలోని సదరన్ క్రాస్ స్టేషన్‌కి వెళ్ళి, ఓడిపోవడం చూసి, అదే ట్రైన్‌లో తిరిగి రావడం. అలాంటి రోజుల్లో మెంబర్‌షిప్ కట్టించేది గెలుపు కాదు, కుర్రాళ్ళు. ఏటా కొత్త కుర్రాళ్ళని క్లబ్బులు వరస ప్రకారం ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, కింద ఉన్న జట్టుకి ముందు ఎంపిక దొరుకుతుంది కాబట్టి, ప్రతి నవంబర్‌లో ఎవరో ఒక పద్దెనిమిదేళ్ళ వాడు కొత్త జెర్సీతో ఫొటో దిగుతాడు. మనం ఆ ఫొటో చూసి ఇంకో ఏడాది డబ్బు కడతాం.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. ఎదురుచూడటంలో నిజంగా ఆనందం ఉందని నాకు తెలిసింది హ్యారీ మెకే వల్ల. 2015 డ్రాఫ్ట్‌లో 10వ ఎంపిక. గిప్స్‌ల్యాండ్‌లోని వారగల్ ఊరివాడు. కవల సోదరుడు బెన్‌ని అదే డ్రాఫ్ట్‌లో నార్త్ మెల్‌బోర్న్ తీసుకుంది. హ్యారీ 2016లో సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2017లో ఆడినవి రెండు. రెండు మీటర్ల పొడుగు, పుల్లల్లాంటి కాళ్ళు. ఆరేళ్ళకి, 2021లో, 58 గోల్స్ కొట్టి, సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే కోల్‌మన్ మెడల్ తీసుకున్నాడు. ఆ సంవత్సరం లాక్‌డౌన్‌ల మధ్య చాలా మ్యాచ్‌లు ఇంట్లో టీవీ ముందే చూశాను. అతను బంతి పట్టిన ప్రతిసారీ, ఊరి నుంచి తెచ్చి పెరట్లో నాటిన మొక్క కాపుకొచ్చినంత సంబరంగా ఉండేది.

ఇక రెండో వైపు. 2017 డ్రాఫ్ట్‌లో మొత్తం మీద 3వ ఎంపికగా మేం తీసుకున్నది పాడీ డౌని. మర్రే నది ఒడ్డున స్వాన్ హిల్ ఊరివాడు, మిడ్‌ఫీల్డర్. మొదటి సీజన్‌లోనే చాలా మ్యాచ్‌లు ఆడించారు. జట్టు వారం వారం చిత్తుగా ఓడుతున్న సంవత్సరం అది. పద్దెనిమిదేళ్ళ వాడు బంతి మీదకి వంగితే, వెనక నుంచి తొంభై కిలోల మనిషి వచ్చి పడతాడు. ఆ వయసులో భుజాలు ఇంకా నిండవు. ఒక మ్యాచ్‌లో పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పరుగెత్తాలి. బంతి చేతికొచ్చాక ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా ఉండదు. ఇదంతా మాకు తెలుసు. అయినా మూలిగాం.

పాపం అతని వెనక వచ్చిన అంకెలు కూడా అతన్ని వదల్లేదు. 4వ ఎంపికగా నార్త్‌కి వెళ్ళిన లూక్ డేవిస్-యునియాక్, 5వ ఎంపికగా ఫ్రీమాంటిల్‌కి వెళ్ళిన ఆడమ్ సెరా. నా చుట్టూ కూర్చునేవాళ్ళు ఆ రెండు పేర్లూ ప్రతి మ్యాచ్‌లో ఒకసారైనా ఎత్తేవాళ్ళు. డేవిస్-యునియాక్‌కి కూడా నిలదొక్కుకోవడానికి మూడు నాలుగేళ్ళు పట్టిందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఆ సెరానే 2021 చివర్లో మా క్లబ్ ట్రేడ్‌లో (క్లబ్బుల మధ్య ఆటగాళ్ళ మార్పిడిలో) తెచ్చుకుంది. మిడ్‌ఫీల్డ్‌లో డౌకి చోటు ఇంకా ఇరుకైంది.

అసలు మా ఓపిక ఎక్కడ చెడిందో నాకు ఒక అభిప్రాయం ఉంది. సామ్ వాల్ష్ రావడంతో చెడింది. 2018లో మొదటి ఎంపిక అతను. మొదటి రోజు నుంచే ముప్పై ఏళ్ళ వాడిలా ఆడాడు, 2019లో ఉత్తమ యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు గెలిచాడు. అతన్ని చూసి నేనూ మురిసిపోయాను. కానీ అప్పటి నుంచి ప్రతి కొత్త కుర్రాణ్ణీ వాల్ష్‌తో కొలవడం మొదలైంది. వందలో ఒకడు అలా పుడతాడు. ఇంట్లో పెద్దబ్బాయికి ర్యాంకు వస్తే చిన్నవాడి పరిస్థితి ఏమిటో మన తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మెంబర్‌షిప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది పెద్ద స్టేడియం కాదు, ప్రిన్సెస్ పార్క్‌లో జరిగే రిజర్వ్ జట్టు మ్యాచ్‌లు. రాయల్ పరేడ్ మీద 19వ నంబర్ ట్రామ్ దిగి నడిస్తే పాత గ్రౌండ్ వస్తుంది. వచ్చేది కొన్ని వందల మందే. కంచె పట్టుకుని నిలబడితే ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడం, తగిలినప్పుడు ఊపిరి వదలడం కూడా వినపడుతుంది. సీనియర్ జట్టులో చోటు దొరకని కుర్రాళ్ళు, గాయాల నుంచి తేరుకుంటున్నవాళ్ళు అక్కడ ఆడతారు. నా దృష్టిలో ఈ డబ్బుకి అంతకంటే మంచి మధ్యాహ్నం దొరకదు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. జూలై చలిలో వాణ్ణి తీసుకుని వెళ్ళాను.

ఆ రోజు మా వైపు వింగ్‌లో, అంటే మైదానం అంచు దగ్గర, ఆడుతున్న మా జట్టు కుర్రాడు ఒకడు సతమతమవుతున్నాడు. పేరు రాయను. బంతి దొరకగానే కంగారుగా తన్నేస్తున్నాడు. ఒకసారి నేరుగా ప్రత్యర్థి చేతుల్లోకి. ఇంకోసారి ఎవరూ లేని చోటికి. మూడోసారి అలాగే చేసినప్పుడు నేను ఆగలేకపోయాను. కంచె దగ్గర నుంచి "హ్యాండ్స్! హ్యాండ్స్!" అని గట్టిగా అరిచాను. అంటే తన్నకు, పక్కవాడికి చేత్తో అందించు అని. పెద్ద స్టేడియంలో అయితే ఆ అరుపు గాలిలో కలిసిపోయేది. అక్కడ కలవలేదు. అతను తల తిప్పి నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. టీచర్ తప్పు దిద్దినప్పుడు పిల్లలు తల ఊపుతారే, అలా ఊపాడు.

కొన్ని నిమిషాల తర్వాత బంతి మళ్ళీ అతనికే వచ్చింది. ఈసారి ముందంతా ఖాళీ. ఇరవై మీటర్లు పరుగెత్తి, తల ఎత్తి చూసి, తీరిగ్గా తన్నొచ్చు. అతను ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. నిలబడి ఉన్న తోటి ఆటగాడికి చేత్తో అందించాడు. ఆ తోటివాడి వీపు మీద అప్పటికే ప్రత్యర్థి ఉన్నాడు. పట్టేశారు, బంతి పోయింది, నాలుగు సెకన్లలో అవతలివాళ్ళు గోల్ కొట్టారు.

నా మాట వల్లే అలా చేశాడని రుజువేమీ లేదు. కోచ్ కూడా అదే చెప్పి ఉండొచ్చు. కానీ ఆ క్షణంలో నా కడుపులో ఏదో జారినట్టయింది. పక్కన మడత కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, పాత నేవీ బ్లూ కోటు, ఒళ్ళో ఫ్లాస్కు. నా వైపు చూడకుండానే, "కోచ్‌లు చెప్పేవి గుర్తుపెట్టుకోవడానికే వాడి బుర్ర చాలదు, మనం కూడా ఎందుకయ్యా" అన్న అర్థం వచ్చేలా మెల్లగా అంది. నేను సారీ చెప్పాను. ఎవరికి చెప్పానో నాకే తెలియలేదు.

తిరిగి వెళ్తుంటే ట్రామ్‌లో మా వాడు అడిగాడు, "నాన్నా, ఆ అన్నకి నువ్వు తెలుసా?"

"తెలియదు నాన్నా, ఎందుకు?"

"మరి నువ్వు చెప్పినట్టు ఎందుకు చేశాడు?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ కుర్రాడు తర్వాత కొన్నాళ్ళకి క్లబ్ లిస్టులోంచి వెళ్ళిపోయాడు. దానికి నేను కారణం కాదని తెలుసు. అయినా ఆ తల ఊపడం మాత్రం మర్చిపోలేను.

అప్పటి నుంచి స్టాండ్‌లో వినపడే మూలుగు నాకు వేరేగా వినపడుతోంది. అది విని కుర్రాడు భయపడతాడన్నది ఒక సంగతి. అంతకంటే పెద్ద సంగతి, అతను మన మాట వింటాడు. మనల్ని సంతోషపెట్టాలని చూస్తాడు. తనకి సహజంగా వచ్చిన ఆట వదిలేసి, ఎవరూ మూలగని ఆట ఆడతాడు. రిస్క్ లేని పొట్టి పాస్, వెనక్కి పాస్. డ్రాఫ్ట్‌లో అంత ముందు అతన్ని ఎంచుకున్నదే ధైర్యంగా ఆడతాడని. అదే పోతుంది.

2024 డిసెంబర్ 28న నేను ఎం.సి.జి. (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్)లోనే ఉన్నాను, ఈసారి క్రికెట్‌కి. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. సిరాజ్ వచ్చి కమిన్స్ మూడు బంతులు ఆపాడు. ఆ మూడు బంతులకీ నా చుట్టూ ఉన్న తెలుగువాళ్ళు ఊపిరి కూడా తీసుకోలేదు. తర్వాత బోలండ్ బంతిని నితీశ్ ఫోర్ కొట్టాడు. ఏడుపొచ్చేసింది నాకు. అంతకు ముందు ఏడాది ఐ.పి.ఎల్.లో హైదరాబాద్ జట్టుకి అతను ఆడినవి 2 మ్యాచ్‌లే. ఆ రోజు అతను బంతి మిస్సయినప్పుడు మాలో ఎవరూ మూలగలేదు. "పర్లేదురా, ఆడు" అన్నాం. మనవాడు కాబట్టి. ఇంటికి వెళ్ళే దారిలో నాకు స్వాన్ హిల్ గుర్తొచ్చింది. అక్కడ కూడా టీవీ ముందు పాడీ డౌని "మనవాడు" అనుకుని చూసినవాళ్ళు ఉండే ఉంటారు. మా మూలుగు టీవీలో వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

డౌ కథ పూర్తిగా చేదు కాదు. 2023లో మేం మధ్యలో 15వ స్థానానికి పడిపోయి, తర్వాత వరసగా 9 మ్యాచ్‌లు గెలిచాం. ఆ గెలుపుల మధ్యలో అతనికి మళ్ళీ పిలుపొచ్చింది, బాగా ఆడాడు. అదే స్టాండ్‌లో అతని పేరు చెప్పి చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ సంవత్సరం ఫైనల్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌ల్లో, సిడ్నీని 6 పాయింట్లతో, మెల్‌బోర్న్‌ని 2 పాయింట్లతో గెలిచి, బ్రిస్బేన్‌లో ఓడి ఆగిపోయాం. సీజన్ అయ్యాక అతను సెయింట్ కిల్డాకి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళు ఎదురుచూసి, చివరి కొన్ని వారాలు చప్పట్లు కొట్టి పంపించాం.

పైన మెకే గురించి రాసింది మళ్ళీ చదువుకుంటే కొంచెం సరిచేయాలనిపిస్తోంది. అతని విషయంలో నేను ఓపిక పట్టానని రాశాను. నిజం చెప్పాలంటే, ఆ మొదటి రెండేళ్ళు అతను నా కళ్ళ ముందు దాదాపు ఆడనే లేదు. తప్పులు చేసినా రిజర్వ్ జట్టులో చేసి ఉంటాడు. చూడని తప్పుని క్షమించడం ఓపిక కాదు. మా ఇంకో గోల్ కొట్టే ఆటగాడు చార్లీ కర్నో విషయమూ అంతే. మోకాలి గాయాలతో 2020 మొత్తం, 2021లో చాలా భాగం పోయినా అందరం ప్రేమగా ఎదురుచూశాం. కట్టు కట్టిన కాలు కనపడితే మనిషికి జాలి కలుగుతుంది. నమ్మకం పోయిన కుర్రాడికి కట్టు ఉండదు. కర్నో తిరిగొచ్చి 2022, 2023 రెండేళ్ళూ కోల్‌మన్ గెలిచాడు. 2025 చివర్లో సిడ్నీకి వెళ్ళిపోయాడు. అదే సమయంలో, డౌ వచ్చిన డ్రాఫ్ట్‌లోనే 30వ ఎంపికగా వచ్చిన టామ్ డి కోనింగ్ కూడా సెయింట్ కిల్డాకి వెళ్ళాడు. ఎదురుచూస్తే ఫలం మనకే దక్కుతుందని అనుకుని ఈ మెంబర్‌షిప్ తీసుకునేవాళ్ళకి ఈ సంగతి ముందే తెలియాలి.

మరి తీసుకోవాలా వద్దా? నా సంగతి చెప్తాను. నాకు శనివారాలు, ఆదివారాలు సెలవు. మా వాడికి ఇప్పుడు ఈ ఆట పిచ్చి, వాడి స్కూల్ స్నేహితుల్లో సగం మంది ఇవే మాట్లాడుకుంటారు. టార్నీట్ నుంచి ట్రైన్ ఉంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నేను వచ్చే సీజన్‌కీ కడుతున్నాను. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి, గెలుపు చూడకపోతే వారమంతా మనసు పాడయ్యేవాళ్ళకి ఇది సరిపడకపోవచ్చు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు అడిగితే మాత్రం, ముందు ఒక్కసారి ప్రిన్సెస్ పార్క్‌కి వెళ్ళి చూడమంటాను. అక్కడ మీకు నచ్చితే పెద్ద సీటు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నేను ఈ మధ్య వెళ్ళినప్పుడు కుర్రాళ్ళ పక్కనే, కంచె దగ్గరే నిలబడుతున్నాను. బంతి జారిపోతే ఇప్పటికీ గొంతు దాకా వస్తుంది. కొన్నిసార్లు ఆపుకోగలుగుతున్నాను.